చెప్పాం సరే, చేరిందా?

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రం మా అల్లుడుగారు ఫోన్ చేశారు. "మామయ్యగారూ, మీ మనవరాలికి మీరే చెప్పాలి. ఇంజనీరింగ్ వద్దంటోంది. మాస్ కమ్యూనికేషన్ చదువుతుందట. మాట్లాడటానికి కూడా డిగ్రీ ఎందుకండీ? ఫోను లేనివాళ్ళెవరు, మాట రానివాళ్ళెవరు?" అన్నారు. వారం తిరక్కుండా పిల్ల మా ఇంటికొచ్చి ఒక కాలేజీ వాళ్ళ రంగుల పుస్తకం నా ముందు పరిచింది. "తాతయ్యా, ఈ స్టూడియో చూడు. ఈ కెమెరాలు చూడు. ఇవన్నీ నేర్పుతారట" అంది.

ఇద్దరి మీదా నాకు కోపం వచ్చింది. తండ్రికి ఆ చదువులో ఏమీ కనబడలేదు. కూతురికి కెమెరా తప్ప మరేమీ కనబడలేదు. వాళ్ళిద్దరూ అలా అనుకునేలా చేసిన ఈ కాలం మీద అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. యాభై ఏళ్ళ కిందట ఆ చదువే చదివాను. ఆ తర్వాత నలభై ఏళ్ళు దానితోనే అన్నం తిన్నాను. కాబట్టి నాలుగు మాటలు చెప్పి తీరాలి.

మా రోజుల్లో ఈ చదువు పేరు జర్నలిజం. తెలుగు నేల మీద దాన్ని మొదట విశ్వవిద్యాలయంలోకి తెచ్చింది ఉస్మానియా, 1954లో. నేను 1975లో చేరాను. మామూలు డిగ్రీ పూర్తయ్యాక చదివే ఏడాది కోర్సు. ఆ ఏడాదంతా నా దగ్గరున్న సామగ్రి ఒక పెన్ను, ఒక నోట్‌బుక్కు, సిటీ బస్సు పాసు. అంతే. కానీ మొదటి రోజు మా సారు నల్లబల్ల మీద అయిదు ప్రశ్నలు రాశారు. అమెరికాలో హెరాల్డ్ లాస్‌వెల్ అనే పండితుడు 1948లో ప్రచురించిన ప్రశ్నలవి. ఎవరు చెబుతున్నారు? ఏం చెబుతున్నారు? ఏ దారిన చెబుతున్నారు? ఎవరికి చెబుతున్నారు? చెప్పినందువల్ల ఏం జరిగింది? "ఈ ఏడాదంతా చదవబోయేది ఇదే. ఆ తర్వాత బతికినంతకాలం చెయ్యబోయేదీ ఇదే" అన్నారు సారు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఇంత చిన్న విషయానికి ఏడాది ఎందుకనుకున్నాను.

నేను కోర్సులో చేరిన సంవత్సరమే, 1975 ఆగస్టు 1న, దేశంలో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు అడిగి తీసుకుని, ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు నేరుగా టెలివిజన్ చూపించారు. సైట్ అని పేరు. ఆ ఆరింటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. హైదరాబాద్‌లో జనం ఇంకా టీవీ మొహం చూడలేదు. కరెంటు సరిగ్గా రాని ఊళ్ళలో మాత్రం కోళ్ళగూటికి వాడే ఇనుప వలతో చేసిన గొడుగులు ఆకాశం వైపు తిప్పి పెట్టి, సాయంత్రం పూట వ్యవసాయం, ఆరోగ్యం గురించి తెలుగులో కార్యక్రమాలు చూపించేవారు.

మా సారు మమ్మల్ని అలాంటి ఒక ఊరికి పంపించారు. పంపేముందు ఒకే ఒక్క మాట చెప్పారు. "మీరు టీవీ చూడొద్దు. చూసేవాళ్ళ మొహాలు చూడండి. తెల్లారి వాళ్ళిళ్ళకు వెళ్ళి, ఏం గుర్తుందో అడగండి."

ఆ రాత్రి పంచాయతీ ఆఫీసు ముందు ఊరంతా కూర్చుంది. విత్తన శుద్ధి గురించి కార్యక్రమం. తెర మీద మాట్లాడిన ఆఫీసరుకు విషయం బాగా తెలుసు, చక్కగా చెప్పాడు. జనం కదలకుండా చూశారు. నాకెంతో తృప్తిగా అనిపించింది. తెల్లారి ఒకామె ఇంటి ముందు కూర్చుని, రాత్రి ఏం చూశావమ్మా అని అడిగాను. "మంచిగ చూపెట్టిన్రు సారూ" అంది. విత్తన శుద్ధి అంటే ఏమిటని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, "ఇంట్ల మైలైతే శుద్ధి చేస్తరు గద సారూ, గట్లనే గింజలకు గూడ చెయ్యాల్నేమో" అంది. విత్తనాలకు మందు పట్టించాలన్న సంగతి ఆమెకు చేరనే లేదు. తప్పు ఆమెది కాదు. శుద్ధి అన్న మాటకు ఆమె ఇంట్లో ఒక అర్థం ఉంది. ఆఫీసరు పుస్తకంలో మరో అర్థం ఉంది. ఆకాశంలో ముప్పై ఆరువేల కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళి తిరిగొచ్చిన మాట, ఆమె గడప దగ్గర ఆగిపోయింది.

తిరిగొచ్చాక ఆ సంగతే రాసిచ్చాను. సారు ఆ కాగితం మీద మార్కు వెయ్యకుండా, "నాలుగో ప్రశ్న నీకు అర్థమైంది" అని రాశారు. కమ్యూనికేషన్ డిగ్రీ నాకిచ్చిన మొదటి ఆస్తి అదే. మాట విలువ తేలేది చెప్పినవాడి నోట్లో కాదు, విన్నవాడి ఇంట్లో. ఇది పుట్టుకతో ఎవరికీ రాదు. వచ్చేదే అయితే ఆ ఆఫీసరుకు వచ్చి ఉండేది. ఎవరో పట్టుకుని, ఊరికి పంపి, తెల్లారి అడిగించి నేర్పాలి.

మొదటి ప్రశ్నను నేర్పింది మాత్రం పాఠ్యపుస్తకం కాదు, ఆనాటి కాలం. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ పెట్టారు. అచ్చుకు వెళ్ళే ముందు వార్తలు సెన్సారు కళ్ళ ముందుకు వెళ్ళాలి. మరుసటి ఏడు ఫిబ్రవరిలో పీటీఐ, యూఎన్‌ఐ, హిందూస్థాన్ సమాచార్, సమాచార్ భారతి అనే నాలుగు వార్తాసంస్థలనూ ఒకటిగా కలిపి 'సమాచార్' అన్నారు. నాలుగు నోళ్ళున్న చోట ఒక నోరు మిగిలింది. బయట ఇలా ఉంటే తరగతిలో మేము రాజ్యాంగం 19వ అధికరణం చదువుకుంటున్నాం. భావప్రకటన హక్కు గురించి గట్టిగా మాట్లాడితే ఏమవుతుందోనని అందరికీ భయం. సారు ఆ విషయం మాట్లాడలేదు. ఆ రోజు పత్రికలు తలా ఒకటి చేతికిచ్చి, ఏ వార్తలో 'అధికారులు తెలిపారు' అని ఉంటే అక్కడ ఎర్రగీత గీయమన్నారు. గంటసేపట్లో కాగితాలన్నీ ఎర్రబడ్డాయి. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరు చెబుతున్నారన్న ప్రశ్న ఎందుకు అడగాలో ఆ ఎర్రగీతలే చెప్పాయి. నేటికీ వార్త చదివేటప్పుడు ఆ ఎర్రపెన్ను నా మనసులో కదులుతుంది.

అయిదో ప్రశ్న నాకు దివిసీమలో అర్థమైంది. చదువై, విజయవాడలో ఒక పత్రికలో సబ్ ఎడిటరుగా చేరిన కొత్త. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. పదివేలమంది పోయారన్నారు. మనుషులు చాలక డెస్కులో పనిచేసే నన్ను కూడా అవనిగడ్డ వైపు పంపారు. అక్కడ చూసినవి రాయను, ఇప్పటికీ రాయలేను. ఒక్క ముసలాయన మాట మాత్రం చెబుతాను. ఇంట్లో అందరూ పోయి ఆయన ఒక్కడే మిగిలాడు. రేడియోలో ముందుగా చెప్పలేదా తాతా అని అడిగాను. "చెప్పారు బాబూ. తుఫానన్నారు. తుఫాను మాకు కొత్తా? ఏటా వచ్చేదేగా. సముద్రం లేచి ఊరి మీదికొస్తుందని ఎవరూ చెప్పలేదు" అన్నాడు.

హెచ్చరిక వెళ్ళింది. రేడియోలో మోగింది. ఆయన చెవిన కూడా పడింది. అయినా చేరలేదు. ఎందుకంటే ఆయనకు కావలసింది గాలి వేగం కాదు, వాయుగుండం ఎక్కడుందన్న లెక్క కాదు. 'నీళ్ళు తాటిచెట్టంత ఎత్తున వస్తాయి, ఇంట్లో ఉండకు, ఫలానా చోటికి వెళ్ళు' అన్న మాట కావాలి. ఆ రోజుల్లో సముద్రం ఎంత లేస్తుందో ముందుగా లెక్కగట్టే సాధనాలు తక్కువ. ఆ మాట నిజమే. కానీ తెలిసిన పాటి సంగతైనా ఆయన భాషలో ఆయనకు చెప్పే మనిషి లేకపోయాడు. ఆ రోజు నుంచి కమ్యూనికేషన్ అంటే కబుర్లు అన్నవాళ్ళతో నేను వాదన పెట్టుకుంటూనే ఉన్నాను.

ఇక ఇప్పటి సంగతికి వస్తాను.

మనవరాలు తెచ్చిన ఆ రంగుల పుస్తకం పూర్తిగా చదివాను. ఫలానా కెమెరా, ఫలానా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, డ్రోను, పాడ్‌కాస్ట్ గది, గ్రీన్ స్క్రీన్, రీల్స్ తయారీ. ఏ పేజీ తిప్పినా అయిదు ప్రశ్నల్లో మధ్యది ఒక్కటే ఉంది. ఏ దారిన చెప్పాలి అన్నది. మిగతా నాలుగూ ఎక్కడా కనబడలేదు. ఎవరికి చెబుతున్నారో లేదు. చెప్పాక ఏమైందో తెలుసుకునే పని లేదు. పల్లెకు పంపుతామన్న మాట ఒక్కచోటా లేదు. చట్టం గురించి ఒక పేపరు ఉందట, చివరి సెమిస్టర్‌లో. తెలుగు అన్న మాట దాదాపు లేనే లేదు.

నాకు మండేది ఇక్కడే. దారి అన్నది రోజూ మారేది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు కంపోజిటర్లు సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చేవారు. పేజీ కట్టేముందు తీసే తడి గాలీ ప్రూఫులు దిద్దేవాణ్ణి. జిల్లా విలేకరుల వార్తలు కవర్లలో పెట్టి ఆర్టీసీ బస్సు డ్రైవర్ల చేతికిచ్చి పంపేవారు. అర్జెంటయితే ట్రంకాల్, లేదా టెలిగ్రాం. టెలిగ్రాం అంటే మాటకింత అని లెక్క. టెలిప్రింటరు రాత్రంతా టకటకా కొట్టుకునేది, దానిలో వచ్చిన ఇంగ్లీషును మేము తెలుగు చేసేవాళ్ళం. తర్వాత ఫొటో కంపోజింగ్ వచ్చింది. ఆ తర్వాత కంప్యూటరు. ఆ తర్వాత ఇంటర్నెట్టు. సీసపు అక్షరం పోయింది, గాలీ పోయింది, టెలిప్రింటరు పోయింది, 2013 జూలైలో టెలిగ్రాం కూడా పోయింది. నేను నేర్చుకున్న ప్రతి పనిముట్టూ నా కళ్ళముందే మూలన పడింది. ఆ అయిదు ప్రశ్నల్లో ఒక్కటి కూడా మూలన పడలేదు. పనిముట్టు మాత్రమే నేర్చుకున్నవాడు పనిముట్టుతోపాటే మూలన పడతాడు. ఇప్పుడు వార్తలు రాసిపెట్టే యంత్రాలు కూడా వచ్చాయి. యంత్రం వాక్యం రాస్తుంది. పొద్దున్నే ఒక ఇంటి ముందు కూర్చుని ఆ ఇల్లాలిని 'ఏం గుర్తుందమ్మా' అని అడగదు.

మా రోజుల్లో పత్రిక ఎన్ని కాపీలు అమ్ముడైందో చూసుకునేవాళ్ళం, నిజమే. కానీ కాపీ అమ్ముడైతే మాట చేరినట్టే అని ఎవరూ అనుకోలేదు. పాఠకుల ఉత్తరాలు బస్తాలకొద్దీ వచ్చేవి. తప్పు రాస్తే తిడుతూ రాసేవారు. ఆ తిట్లే మాకు పరీక్ష ఫలితాలు. ఇప్పుడు పిల్లలు నాతో అంటారు, తాతయ్యా నా వీడియోకు రెండు లక్షల వ్యూస్ వచ్చాయి అని. ఎవరు చూశారమ్మా? తెలియదు. ఎంతసేపు చూశారు? తెలియదు, లేకపోతే కొన్ని సెకన్లు. చూసి ఏం చేశారు? ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. సైట్ రోజుల్లో ఒక్కో ఊళ్ళో నెలల తరబడి మకాం వేసి, టీవీ వచ్చాక ఆ ఊరి బతుకు ఎలా మారిందో, మారలేదో రాసిన పరిశోధకులు ఉన్నారు. ఒక్క మాట చేరిందో లేదో తెలుసుకోవడానికి అంత శ్రమ పడ్డారు. ఇవాళ వేలితో ఒకసారి పైకి తోసేస్తే అదీ ఒక వ్యూ కింద లెక్క.

భాష సంగతి చెప్పబోతే గుండె మండుతుంది. మా తరంలో పత్రికల భాష గురించి బూదరాజు రాధాకృష్ణగారి లాంటి భాషావేత్త పుస్తకాలు రాసి, కొత్త పాత్రికేయులను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్కో మాటా దిద్దారు. ఇప్పుడు జర్నలిజం పట్టా పుచ్చుకుని వచ్చే పిల్లల్లో చాలామంది తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతున్నారు. 'ఆయన చేత చెప్పబడింది' అని రాస్తున్నారు. వడ్డీ రేటు అయిదు శాతం నుంచి పది శాతానికి వెళితే 'అయిదు శాతం పెరిగింది' అంటున్నారు. అది రెట్టింపయిందని కానీ, పెరిగింది అయిదు శాతం కాదు, అయిదు పాయింట్లని కానీ తట్టడం లేదు. పిల్లల తెలివికి లోటు లేదు. దిద్దేవాళ్ళు లేరు. దిద్దాల్సిన అధ్యాపకుల పోస్టులు ఖాళీగా పెట్టి, గంటల లెక్కన పంతుళ్ళను పెట్టి బండి లాగిస్తున్న విభాగాలు నేను కళ్ళారా చూశాను. పాఠం చెప్పేవాడికే వచ్చే నెల జీతం నమ్మకం లేనప్పుడు, ఒక్కో కాగితం ఎర్రపెన్నుతో దిద్దమంటే ఎలా దిద్దుతాడు?

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఈమధ్య ఒక ఊళ్ళో చిన్నపిల్ల మీద అఘాయిత్యం జరిగింది. గంట గడవకముందే ఆ పిల్ల ఊరు, తండ్రి పేరు, ఇల్లు, బడి ఫోన్లలో తిరిగాయి. మైకు పట్టుకుని ఆ తల్లి ముందు నిలబడి 'ఇప్పుడు మీకెలా అనిపిస్తోంది' అని అడిగిన కుర్రాణ్ణి చూశాను. అలాంటి దాడికి గురైన మనిషి పేరు బయటపెట్టడం 1983 నుంచీ ఈ దేశంలో నేరం. పిల్లల విషయంలో పోక్సో చట్టం, జువెనైల్ జస్టిస్ చట్టం మరింత గట్టిగా అడ్డుకుంటాయి. బడి పేరు చెప్పినా, వీధి పేరు చెప్పినా తప్పే. ఆ కుర్రాడికి ఈ సంగతి ఎవరూ నేర్పలేదు. పరువునష్టం అంటే ఏమిటో, కోర్టు ధిక్కారం అంటే ఏమిటో, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో ఏ కాగితం అడగవచ్చో ఎవరూ చెప్పలేదు. చేతికి మైకిచ్చి వీధిలోకి తోశారు. మందుల షాపు పెట్టాలంటే ఫార్మసీ చదివిన మనిషి ఉండాలంటాం. లక్షలమంది మనసుల్లోకి మాట ఎక్కించే పనికి మాత్రం చదువు దండగంటాం.

కాలమంతా చెడిపోయిందని నేను అనడం లేదు. మా తరగతిలో ఇద్దరే అమ్మాయిలు. దళిత వాడల నుంచి వచ్చినవాళ్ళు దాదాపు లేరు. పత్రికల డెస్కుల్లో కొన్ని ఇంటిపేర్లే కనబడేవి. ఇప్పుడు తరగతి గదులు అమ్మాయిలతో నిండుగా ఉన్నాయి. తండాల నుంచి, మత్స్యకారుల పల్లెల నుంచి మొదటి తరం చదువరులు వస్తున్నారు. ఎవరు చెబుతున్నారన్న ప్రశ్నకు జవాబు మారుతోంది. అది మా రోజులకంటే మంచి మార్పు. 2014లో హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడినప్పుడు లక్షలమందిని ముందే తరలించారు. మరణాలు పదుల్లోనే ఆగాయి. ఉపగ్రహాలు బాగుపడ్డాయి, షెల్టర్లు కట్టారు, దాంతోపాటు హెచ్చరిక జనానికి అర్థమయ్యేలా చెప్పడం కూడా నేర్చుకున్నారు. నా గొణుగుడంతా ఒక్కదాని గురించే. ఇలా నేర్చుకున్నదాన్ని తరగతి గదిలో నిలబెట్టి తర్వాతి తరానికి ఇవ్వాల్సిన చదువును కెమెరా దుకాణం చేస్తున్నారు.

ఈ చదువు సత్తా ఏమిటో తెలియాలంటే మన నేల మీదే చూడండి. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు, ఆడవాళ్ళకు రాత్రిబడుల్లో చదువు చెప్పడానికి వాచకాలు రాశారు. ఆ పాఠాలు రాసినవాళ్ళు అ ఆలతో సరిపెట్టలేదు. చదివే ఆడదాని ఇంట్లో ఏం జరుగుతోందో ఆలోచించి, తాగుడు గురించి కథ పెట్టారు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు ఆ చర్చల్లోంచే లేచి వెళ్ళి తమ ఊరి సారా దుకాణం మూయించారు. అది జిల్లా అంతా పాకింది, రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. తర్వాత ఆ నిషేధం ఏమైందన్నది వేరే కథ. ఒక వాచకంలో కొన్ని పేజీల పాఠం చదివే మనిషికి చేరితే ఏం జరుగుతుందో అది చూపించింది. అయిదో ప్రశ్నకు అంతకంటే పెద్ద జవాబు నేను నా జీవితంలో చూడలేదు.

జహీరాబాద్ దగ్గర మాచనూరులో ఇంకొకటి చూడండి. అక్కడ దళిత స్త్రీలు నడిపే సంఘం రేడియో ఉంది. 2008 అక్టోబరులో గాలిలోకి వచ్చింది. అంతకుముందు ఏళ్ళ తరబడి లైసెన్సు లేక, క్యాసెట్ల మీద రికార్డు చేసి సంఘాల సమావేశాల్లో వినిపించారు. జొన్నలు, కొర్రలు, విత్తనాలు దాచుకోవడం, మందు మొక్కలు, పాటలు అన్నీ వాళ్ళ యాసలోనే. 'విత్తన శుద్ధి' అని అక్కడ ఎవరూ అనరు. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకూ రేడియో పెట్టుకునే వీలు కలిగింది. ఆ మధ్యకాలమంతా ఇలాంటి రేడియోల కోసం వాదించినవాళ్ళలో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్ చెప్పే ఆచార్యులు ఉన్నారు. తరగతి గదిలో చదివిన చదువు చట్టం దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి మాచనూరు మైకు దాకా చేరింది.

2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో పుకార్లు పుట్టి, దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. జోగులాంబ గద్వాల ప్రాంతంలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఏం చేశారు? ఫోనుకు జవాబు ఫోనులో ఇచ్చి ఊరుకోలేదు. పోలీసుల్ని ఊరూరికీ పంపి, ఇంటింటికీ తిప్పి, డప్పు కొట్టించి, జానపద పాటల్లో ఆ పుకారు అబద్ధమని చెప్పించారు. ఎవరికి చెబుతున్నాం, ఏ దారిన చెబితే నమ్ముతారు అన్న ప్రశ్నలు వేసుకుంటే పుకారు కూడా ఆగుతుంది. మా రోజుల్లో దండోరా వేసేవాడికి తెలిసిన విద్యే అది. ఇవాళ దాన్ని పరీక్షించి, రాసి, నేర్పే పని విశ్వవిద్యాలయాలదే.

కాబట్టి అల్లుడుగారికి నా జవాబు ఇది. ఈ చదువు వల్ల వచ్చేది టీవీలో కనబడే మొహం కాదు. తెలియని మనిషి ముందు కూర్చుని అడగడం వస్తుంది. చెప్పినదాన్ని సరిచూసుకోవడం వస్తుంది. నాలుగు గంటల మాటను నాలుగు వాక్యాల్లో పెట్టడం వస్తుంది. లెక్క చూసి మోసం పసిగట్టడం వస్తుంది. ఎక్కడ నోరు విప్పాలో, ఎక్కడ పేరు దాచాలో తెలుస్తుంది. ఈ గుణాలు పత్రికకే కాదు, ఆసుపత్రికి కావాలి, వ్యవసాయశాఖకు కావాలి, విపత్తు నిర్వహణకు కావాలి, పంచాయతీకి కావాలి. మందు కనిపెట్టేవాడు ఎంత అవసరమో, ఆ మందు ఎందుకు వేసుకోవాలో జనం భాషలో చెప్పేవాడూ అంతే అవసరం. ఉద్యోగం వస్తుందా అని అడుగుతారేమో. మొదటి జీతం ఇంజనీరు జీతమంత ఉండదు. అది దాచను. కానీ నా ఇన్నేళ్ళ అనుభవంలో ఈ పనులు నిజంగా వచ్చినవాడు ఖాళీగా కూర్చోవడం నేను చూడలేదు.

మనవరాలికి చెప్పేది వేరు. తల్లీ, కాలేజీకి వెళ్ళినప్పుడు స్టూడియో చూపించమని అడక్కు. నాలుగు ప్రశ్నలు అడుగు. ఏడాదికి ఎన్నిసార్లు ఊళ్ళకు పంపుతారు? నేను రాసిన కాగితం ఎవరు దిద్దుతారు? చట్టం ఏ ఏడాదిలో చెబుతారు? తెలుగులో రాయిస్తారా? ఈ నాలుగింటికీ సరైన జవాబు చెప్పిన చోట, స్టూడియో లేకపోయినా చేరు. చెప్పలేని చోట, ఎన్ని కెమెరాలున్నా చేరకు. కెమెరా నీ చేతిలోని ఫోనులోనే ఉంది. దాన్ని నువ్వు పది రోజుల్లో నేర్చుకోగలవు. ఇంటి ముందు కూర్చుని ఒక పెద్దమ్మ మాట వినడం నేర్చుకోవడానికే ఏళ్ళు పడుతుంది.

విశ్వవిద్యాలయాల పెద్దలకు కూడా ఒక విన్నపం. ఖాళీలు నింపండి. తెలుగులో రాయించండి. ప్రతి విద్యార్థినీ ఏడాదికి కనీసం నెలరోజులు ఊళ్ళో పెట్టండి. చట్టాన్ని మొదటి ఏడాదిలోనే చెప్పండి. పిల్లలు తీసిన సినిమా ఎంతమంది చూశారని కాకుండా, చూసినవాళ్ళకు ఏం అర్థమైందని మార్కులు వెయ్యండి. ఇందుకు డబ్బు పెద్దగా అక్కర్లేదు. మాకు ఒక నల్లబల్ల, అయిదు ప్రశ్నలు, బస్సు పాసు సరిపోయాయి.

దివిసీమ ముసలాయన మళ్ళీ నాకు కనబడలేదు. ఆయనకు అర్థమయ్యే మాటల్లో ఆ ముందురోజు ఒక్క మనిషి చెప్పి ఉంటే, ఆయన ఇంట్లో కొందరైనా బతికేవారేమోనని నాకిప్పటికీ అనిపిస్తుంది. అలా చెప్పగల మనుషుల్ని తయారుచెయ్యడానికే ఈ చదువు ఉంది. మీ పిల్లలు ఆ చదువు చదువుతామంటే, దయచేసి దండగని అనకండి.